కోతకు పోయిన అంచు

మా ఆడపడుచుకి పెద్దపేగులో పుండ్లు పడి తొమ్మిదేళ్ళయింది. క్లోమం వాయడం మొదలై ఏడాది. ఒక రోగమైతే మనిషి ఎలాగో దానికి అలవాటు పడుతుంది. దాని వేళలు, అలకలు తెలుసుకుని, అత్తగారిని కనిపెట్టుకున్నట్టు దాన్ని కనిపెట్టుకుని బతుకుతుంది. రెండు రోగాలంటే ఒకే ఇంట్లో ఇద్దరు అత్తగార్లు. ఒకావిడ కూర్చోమంటే రెండో ఆవిడ లెమ్మంటుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నవాళ్ళు ఆ రోకలి ఒక్కసారే పడుతుందనుకున్నారు కాబోలు. మా ఇంట్లో అది వారానికి రెండుసార్లు పడేది.

పేగు డాక్టరు ఇచ్చిన కాగితంలో పీచు వద్దు, పచ్చి కూరలు వద్దు, మనిషి చిక్కిపోయింది కాబట్టి గుడ్లు, వెన్న పెట్టండి అని ఉంది. క్లోమం చూసిన ఆస్పత్రి కాగితంలో వెన్న పేరెత్తవద్దు, నూనె చుక్కల్లో వాడండి, కూరలూ పళ్ళూ బాగా తినండి అని ఉంది. రెండు కాగితాలనీ వంటింటి గోడకి పక్కపక్కనే అంటించాను. ఇది వద్దన్నదీ అది వద్దన్నదీ కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలినవి తెల్లన్నం, ఉడికించిన బంగాళాదుంప, గుడ్డులో తెల్లసొన.

"వదినా, ఈ పచ్చసొనలన్నీ ఎక్కడికి పోతున్నాయి?" అని అడిగింది ఒకరోజు.

పారేయలేక నేనే తింటున్నానన్నాను.

"అనుకున్నాను. నా రోగంతో నీ మొహం కళకళలాడిపోతోంది."

ఆమెకి సూదమ్మ అని పేరు పెట్టింది మా ఆయన. చేతిలోనూ సూదే, నోట్లోనూ సూదే అనేవారు చెల్లెల్ని. మాది పుస్తకాలు బైండు చేసే కొట్టు. ముందుగది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. సూదమ్మ చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుని, కూతురిని చంకనేసుకుని అన్నగారింటికి వచ్చింది. అప్పటినుంచీ ఆమె కుడుతుంది, నేను మడతపెడతాను, జిగురు రాస్తాను, మా ఆయన పోయాక కటింగ్ మిషను కూడా నేనే తిప్పుతున్నాను. నాకు చదువు వచ్చింది ఆ మడతల్లోనే. బడికి పోలేదు. ప్రెస్సునుంచి వచ్చిన అచ్చు కాగితాల ఫారాలు మడుస్తూ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. అందుకే చాలా పుస్తకాలు నాకు మధ్యనుంచి తెలుసు, మొదలు తెలియదు.

సూదమ్మ కుట్టే పీట పెరటి గుమ్మం పక్కనే ఉంటుంది. అక్కడినుంచి దొడ్డికి పదకొండు అడుగులు. బాగున్న రోజు నాలుగైదుసార్లు, బాగులేని రోజు పధ్నాలుగు పదిహేనుసార్లు ఆ పదకొండు అడుగులూ పరిగెత్తాలి. దారం ఎక్కడ ఆపిందో అక్కడే సూదిని గుచ్చి లేస్తుంది, వచ్చి అక్కడే మొదలుపెడుతుంది. మాట కూడా అంతే. లా పుస్తకాలు తెచ్చే లాయరు గుమాస్తా మాట్లాడుతూ ఉండగానే లేచిపోయేది. ఆవిడకి నేనంటే గిట్టదా అని ఆయన చాలాకాలం నొచ్చుకున్నాడు. ఆవిడకి ఆవిడ పేగంటేనే గిట్టదండీ అని చెప్పాను.

కిందటేడు పేగు డాక్టరు మందు మార్చాడు. పసుపురంగు చిన్న మాత్ర. దానితో రక్తం పడటం ఆగుతుందన్నాడు. మూడోవారంలో ఒక పొద్దున సూదమ్మ కుడుతూ కుడుతూ పీటమీదే ముందుకు వంగిపోయింది. బొడ్డుకి పైన మొదలై నడుముదాకా, ఎవరో దబ్బనం గుచ్చి వెనకవైపు లాగినట్టుందట. పెద్దాస్పత్రిలో క్లోమం వాచిందన్నారు. ఎనిమిది రోజులు నోట్లో చుక్క నీళ్ళు పోయనివ్వకుండా సెలైన్ మీద ఉంచారు. వచ్చిన ప్రతి డాక్టరూ అడిగింది ఒక్కటే, తాగుడు అలవాటుందా అని. ఇంతవరకూ లేదు, ఇప్పుడు మొదలుపెట్టమంటారా అంది నాలుగోవాడితో. పిత్తాశయంలో రాళ్ళున్నాయేమోనని చూశారు. లేవు. పంపించేరోజున పెద్ద డాక్టరు, నెరిసిన మీసాలాయన, అచ్చయి వచ్చిన కాగితాన్ని అటూఇటూ తిప్పి, దానిమీద పెన్నుతో ఏదో గీకి, పసుపు మాత్ర ప్రస్తుతానికి ఆపేయమని, ఈ కాగితం మీ పేగు డాక్టరుకి తప్పకుండా చూపించమని చెప్పాడు. సరేనన్నాం.

సూదమ్మ కూతురు ఇంకో ఊళ్ళో లెక్కల టీచరు. ఆ ఎనిమిది రోజులూ సెలవు పెట్టి వచ్చి కూర్చుంది. వెళ్తూ వెళ్తూ ఒక మాట వదిలింది. ఇంకొకసారి ఇలాగైతే అమ్మని నా దగ్గరికి తీసుకుపోతానత్తా, మా వీధి చివరే ఆస్పత్రి, ఇంట్లో రెండు మరుగుదొడ్లు, అంది. రెండు మరుగుదొడ్లున్న ఇంటిమీద నేనేం చెప్పి గెలవగలను?

అప్పటినుంచీ నాకు అదే బెంగ. నన్ను విడిచి పోయినవాళ్ళెవరూ నేను చూస్తుండగా పోలేదు. మా అమ్మ పోయినప్పుడు నేను నూతి దగ్గరున్నాను. మా ఆయన పోయినప్పుడు ఆస్పత్రి కౌంటరు దగ్గరున్నాను. ఏదో పరీక్ష కాగితం కావాలన్నారు. నా చేతిలో ఉన్న కట్టలో అది కనబడలేదు. కింద పరచుకుని వెతికాను. వరసలో నిలబడ్డాను, ఇంకో కిటికీకి పొమ్మన్నారు, పోయాను. ఆ కాగితం దొరికి పైకి వెళ్ళేసరికి ఆయన మీద దుప్పటి కప్పేశారు. కాగితం మాత్రం కట్టలోనే ఉంది, తలకిందులుగా.

అందుకని సూదమ్మ ఇంటికొచ్చిన వారానికి నేనొక పని చేశాను. తొమ్మిదేళ్ళ చీటీలూ, పరీక్షలూ, డిశ్చార్జి కాగితాలూ తారీఖుల ప్రకారం పేర్చాను. విడి కాగితాలకి వెన్నున పట్టీలు అతికించాను. సూదమ్మ పడుకుని ఉంది కాబట్టి నేనే కుట్టాను. చీటీలు చిన్నవి, ఆస్పత్రి కాగితాలు పెద్దవి. మిషనులో పెట్టి మూడువైపులా సమంగా కోశాను. అచ్చులో ఒక్క అక్షరం కూడా పోకుండా రెండుసార్లు చూసుకుని మరీ కోశాను. నల్ల కాలికో గుడ్డ అతికించిన అట్ట వేసి, వెన్నుమీద బంగారురంగు అక్షరాలు అద్దాను. పుస్తకం ముచ్చటగా వచ్చింది. సూదమ్మ తిరగేసి చూసి, చచ్చాక గ్రంథాలయానికి ఇవ్వొచ్చు అంది.

ఆస్పత్రుల్లో ఆ పుస్తకం నాకు తెచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు. సిస్టర్లు ఒకరినొకరు పిలిచి చూపించుకునేవారు. అందరూ ఇలా తెస్తే మాకు సగం పని తప్పుతుందమ్మా అనేవారు. నేను ఉబ్బిపోయేదాన్ని.

అయిదు నెలలు గడిచాయి. పసుపు మాత్ర లేదు కాబట్టి పేగు మళ్ళీ తిరగబడింది. రక్తం, నీరసం, పదకొండు అడుగుల పరుగు. మేం ఆ కాగితం చూపించేలోపే పాత పేగు డాక్టరు రిటైరయ్యాడు, ఆయన గదిలో కళ్ళజోడు పెట్టుకున్న కుర్ర డాక్టరు కూర్చున్నాడు. శ్రద్ధగల మనిషి. పుస్తకం మొదటి పేజీనుంచి చివరిదాకా తిప్పాడు. క్లోమం ఎందుకు వాచిందో ఎవరైనా చెప్పారా అని అడిగాడు.

"గ్రహచారమన్నారు" అంది సూదమ్మ.

ఆమెని ఆపి నేను ముందుకు వంగాను. అన్నీ అందులోనే ఉన్నాయి సార్, ఒక్క కాగితం కూడా పోలేదు అన్నాను. ఆయన డిశ్చార్జి కాగితం ఇంకోసారి చదివాడు. కారణం తెలియలేదని అచ్చులో ఉంది, మందు సంగతి మీ డాక్టరు చూసుకుంటారని ఉంది. ఈ మాత్ర వల్ల కొందరికి క్లోమం వాస్తుంది, కాని దీనివల్లేనని ఇక్కడ ఎవరూ రాయలేదు అనుకున్నాడు పైకే. చాలాసేపు తటపటాయించి, సగం మోతాదుతో మళ్ళీ మొదలుపెడదామన్నాడు. ఏమాత్రం నొప్పి వచ్చినా ఆపి పరిగెత్తుకు రమ్మన్నాడు.

రెండోరోజు మధ్యాహ్నానికే వచ్చింది నొప్పి. ఈసారి ఆమె ముందుకు వంగలేదు, పక్కకి ఒరిగిపోయింది. కుడుతున్న లా పుస్తకం ఒళ్ళోనే ఉంది.

పెద్దాస్పత్రిలో అదే వార్డు, అదే మీసాల డాక్టరు. పసుపు మాత్ర వేశారని వినగానే ఆయన మొహం ఎర్రబడింది.

"నా చేత్తో రాశానమ్మా. ఈ జన్మలో ఈ మాత్ర మళ్ళీ ఇవ్వకూడదని. చదువుకున్నవాడే కదా ఆ డాక్టరు."

నేను పుస్తకం ఇచ్చాను. ఆయన ఆ పేజీ తీశాడు. కాగితం నిండా అచ్చే ఉంది. తిప్పి వెనక చూశాడు. మళ్ళీ ముందు చూశాడు. ఎక్కడ రాశానబ్బా, పక్కన నిలువుగా రాసినట్టు గుర్తు అనుకుంటూ, వేరే మంచం నుంచి పిలుపొస్తే వెళ్ళిపోయాడు.

ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అచ్చయిన కాగితం అంచున చేత్తో గీసిన గీతలూ అంకెలూ కనబడితే, అవి ప్రెస్సువాళ్ళు తమకోసం పెట్టుకున్న గుర్తులు. మా పనిలో అందరికీ తెలిసిన సంగతే. వాటిని ఉంచితే పని రానివాళ్ళంటారు. నలభై ఏళ్ళుగా మా కొట్లో ఆ అంచుల్ని కోసి పారేస్తున్నాం. ఆ నీలం గీతలు నేను చూశాను కూడా. ఇంగ్లీషులో ఏదో గీకుడు. చూసి, అచ్చు పోలేదు కదా అని మిషను పిడి కిందికి నొక్కాను.

కోత ముక్కల బస్తా పాతకాగితాలవాడు పట్టుకుపోయి నెలలయింది. ఉన్నా ఏం చేస్తాను?

మూడురోజులు నోరు విప్పలేదు. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. సూదమ్మ ముక్కులో గొట్టం, చేతికి సెలైన్. కూతురు వచ్చింది. చెబితే తల్లిని తీసుకుపోతుంది. అది ఖాయం. చెప్పకపోతే అందరూ కళ్ళజోడు డాక్టరుని అంటారు, సూదమ్మ నా దగ్గరే ఉంటుంది. నాలో నేను చాలా వాదించుకున్నాను. ఆ డాక్టరుకి ఇంకా బోలెడు వయసుంది, నాకు లేదు అని కూడా అనుకున్నాను. మనిషికి భయం పుడితే ఎంత నీచమైన లెక్కయినా సరిగ్గానే కుదిరినట్టుంటుంది.

నాలుగోరోజు మధ్యాహ్నం కూతురు మంచం పక్కన కూర్చుని గీతల కాగితంమీద ఫిర్యాదు రాసింది, కళ్ళజోడు డాక్టరుమీద. రాసి నాకిచ్చింది.

"అత్తా, నువ్వు తప్పులు బాగా పడతావు కదా. ఒకసారి చూడు."

చదివాను. దస్తూరీ ముత్యాల్లా ఉంది. మా అమ్మ రికార్డులన్నీ ఒక్క కాగితం కూడా పోకుండా పుస్తకంగా కుట్టి ఆయన చేతిలో పెట్టినా ఆయన నిర్లక్ష్యం చేశాడు అని ఉంది. ఒక్క కాగితం కూడా పోకుండా. నా మాటే అది, ఆ పిల్ల నా దగ్గరే విని రాసింది. చివరిదాకా చదవలేకపోయాను.

"అమ్మాయీ, ఆయన చూడలేదని రాశావు. చూడ్డానికి అక్కడేమీ లేదు. నేనే కోసేశాను."

"ఏం కోశావు?"

"అంచు. పెద్ద డాక్టరు అంచుమీద రాశాడు. ప్రెస్సు గుర్తులనుకున్నాను."

ఆమె అరవలేదు. అరుస్తుందనే అనుకున్నాను, దానికి సిద్ధపడే చెప్పాను. పెన్నుకి మూత పెట్టి, ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు చేసి బ్యాగులో పెట్టుకుంది.

"అమ్మ నీ చేతిలో ఉందని నేనక్కడ నిశ్చింతగా నిద్రపోతున్నానత్తా" అంది. బ్యాగు జిప్పు లాగి, "పంపించిన రోజునే నాతో తీసుకుపోతాను" అంది.

సూదమ్మ కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోవడం లేదని నాకు తెలుసు. ఆమె నిద్రపోతే నోరు కొంచెం తెరుచుకుంటుంది.

ఆ తర్వాత రెండురోజులు ఆమె వార్డులో అందరితోనూ మాట్లాడింది. సిస్టరుతో, తుడిచే ఆమెతో, పక్కమంచం ముసలావిడతో, చివరికి ఆ ముసలావిడ మనవడితో ఫోనులో కూడా. నాతో తప్ప. నేను దుప్పటి సర్దితే కాలు కదిపి మళ్ళీ చెదరగొట్టేది. నేను బయట బెంచీమీద కూర్చుని, చెప్పకుండా ఉంటే ఏమయ్యేదని ఒకసారి, ముందే చెప్పి ఉంటే ఏమయ్యేదని ఇంకొకసారి నమిలిందే నములుతూ ఉండిపోయాను.

నోటితో నీళ్ళు తాగొచ్చన్న రోజున, గ్లాసు పట్టుకుని రెండు గుక్కలు మింగి, నావైపు చూడకుండా అడిగింది.

"ఎంత కోశావు?"

"అంగుళం."

"అంగుళం. చీటీల కొలతకి కోశావు, కదూ?"

ఔనన్నాను.

"పెద్ద కాగితం లోపలికి మడిచి కుట్టాలి వదినా. కొయ్యకూడదు. లా పుస్తకాల్లో పటాలొస్తే ఏం చేస్తాం? మడుస్తాం. అన్నయ్య ఎన్నిసార్లు చెప్పాడు, నేనెన్నిసార్లు చెప్పాను. నా కాగితాల దగ్గరికొచ్చేసరికి ఆ మాత్రం ఓపిక లేకపోయిందా?"

"కంగారులో చేశాను."

"నీ కంగారు నాకు తెలియనిదా. ఎవరు ఎప్పుడు పోతారోనని పొద్దస్తమానం వాకిట్లో కాపలా కూర్చుంటావు. ఆ కంగారుతో నన్ను నువ్వే పంపించబోయావు."

కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది. ఊరికి టిక్కెట్లు తీయించానమ్మా అంది.

"ఒక్కటి తీసుకో" అంది సూదమ్మ. "నేను రాను. మీ ఇంట్లో రెండు దొడ్లున్నాయి గాని నేను చెయ్యడానికి పని లేదు. పనిలేకుండా కూర్చుంటే పొద్దున్నుంచి సాయంత్రందాకా నాకు నా పేగుతోనే కాపురం. లా పుస్తకాలు సగంలో ఉన్నాయి. సెలవుల్లో వస్తాను."

కూతురు చాలాసేపు వాదించింది. పట్టుదలలో ఆ పిల్లా సూదమ్మ కూతురే. కాని తల్లి ముందు నెగ్గలేదు.

నా కళ్ళు నీళ్ళతో నిండాయి. చెయ్యి పట్టుకోబోయాను. ఆమె గ్లాసుని ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఒకటి చెబుతున్నా విను. ఇకనుంచి నా కాగితాలు నువ్వు ముట్టుకోవద్దు. కుట్టొద్దు, అతికించొద్దు, వరసలు పెట్టొద్దు. పోతే పోతాయి, నావి."

ఇంటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని ఆ నల్లపుస్తకం కుట్టు విప్పడం. బ్లేడుతో వెన్ను కోసి, దారాలు ఒక్కొక్కటే లాగింది. చక్కగా కుట్టిన పుస్తకాన్ని విప్పుతుంటే చూడలేక నేను వంటింట్లోకి పోయాను. విడి కాగితాలన్నీ గుడ్డసంచీలో కుక్కింది. మీసాల డాక్టరు దగ్గర మళ్ళీ రాయించుకున్న కాగితాన్ని మాత్రం మడిచి అన్నిటికన్నా పైన పెట్టింది.

పదిహేనురోజులకి కళ్ళజోడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ప్రతిసారీ ఇద్దరం లోపలికి వెళ్ళేవాళ్ళం. ఆమె పేరు పిలవగానే అలవాటు చొప్పున నేనూ లేచాను.

"నువ్విక్కడే కూర్చో వదినా" అంది. సంచీ భుజాన వేసుకుని వెళ్ళింది. తలుపు దానంతటదే మూసుకుంది.

నేను బెంచీమీద కూర్చున్నాను. చేతుల్లో ఏమీ లేదు. గోడమీద చెయ్యి కడుక్కునే పద్ధతి బొమ్మలతో అంటించి ఉంది. నాలుగుసార్లు చదివాను. అయిదోసారి చదవబుద్ధి కాలేదు. లోపల ఏం చెబుతోందో, ఏ తారీఖు తప్పు చెబుతోందో, మందు మోతాదు గుర్తుందో లేదో. లేచి తలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. సిస్టరు ఏం కావాలమ్మా అని అడిగింది. ఏమీ వద్దన్నాను.

అరగంటకి వచ్చింది. నడుస్తూనే చెప్పింది.

"ఇంక మాత్రలు కావట. సెలైన్‌లాగా ఎక్కించే మందుందట. మొదట దగ్గర దగ్గరగా, తర్వాత ఎనిమిది వారాలకొకసారి. క్లోమం దీన్నయినా ఓర్చుకుంటుందేమో చూడాలట. ఓర్చుకోకపోతే పేగు కోసేయడమే."

"నా సంగతి ఆయనకి చెప్పావా?"

"చెప్పాను. తను కూడా పెద్ద డాక్టరుకి ఒక ఫోను చేసి ఉండాల్సింది, నాదీ తప్పే అన్నాడు. అయితే మా వదినా మీరూ ఒకచోట కూర్చుని ఏడవండి, నాకు దొడ్డి ఎక్కడుందో చూపించండి అన్నాను."

నవ్వాలో మానాలో తెలియలేదు. ఎక్కించేటప్పుడు మూడు గంటలు పక్కన మనిషి ఉండాలన్నారట. ఎవరిని పిలుస్తావని అడిగాను.

"ఎవరిని పిలుస్తాను? నా ఖర్మకి నువ్వేగా ఉన్నావు."

మెట్లు దిగుతుంటే ఆయాసపడుతోంది కదా అని సంచీ కోసం చెయ్యి చాపాను. ఆమె దాన్ని అటువైపు భుజానికి మార్చుకుంది. బస్సు వచ్చింది. నేను ముందెక్కి, తలుపు దగ్గరి సీటు పట్టాను, అవసరమొస్తే తొందరగా దిగడానికి. దారిలో రెండుసార్లు దిగాల్సి వచ్చింది. రెండుసార్లూ నన్ను దొడ్డి బయట నిలబెట్టి, సంచీ మాత్రం లోపలికి తీసుకుపోయింది.